‘ఆపరేషన్ చేయించుకోమంటున్నారు, ఏం చేయను ఫాదర్?’: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వివాహ సంస్కారం గురించి ఈ శీర్షికలో వ్రాసిన తరువాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల విచారణల (గురువు ఆధ్వర్యంలోని స్థానిక కతోలిక సంఘాల) నుండి వచ్చిన ఉత్తరాలలో అధికభాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పిల్లల మధ్య ఎడం కావాలనుకున్నప్పుడు, లేదా ఇక చాలనుకున్నప్పుడు, కతోలిక దంపతులు ఏ దారి పట్టవచ్చు, ఏది పట్టకూడదు అన్నదే ఆ విషయం. గుడిలో ఎదుటపడి అడగలేక ఉత్తరంలో అడిగినవారే ఎక్కువ గనుక పేర్లూ ఊర్లూ తీసివేసి ప్రాంతం మాత్రమే ఉంచాము. వైద్య సంబంధమైన మాటలను నర్సింగ్ చదివిన ఒక మఠకన్య సరిచూశారు.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. మొదటి బిడ్డ సిజేరియన్‌తో పుట్టాడు, వచ్చే నెల రెండవ కాన్పు. ‘ఎలాగూ మళ్ళీ పొట్ట కోయక తప్పదు, అదే బల్ల మీద పిల్లల ఆపరేషన్ కూడా కానిచ్చుకో’ అని ఆసుపత్రిలో నర్సమ్మ, ఇంట్లో అత్తమ్మ అంటున్నారు. మూడో కాన్పు మంచిది కాదని డాక్టరమ్మ కూడా చెప్పారు. మా ఆయన ‘నీ ఇష్టం’ అని ఊరుకున్నారు. ఇది పాపమా ఫాదర్ గారూ? (కోవూరు ప్రాంతం నుండి ఒక సోదరి)

జవాబు: అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తరువాత వ్రాస్తాను. ఇక గర్భం రాకూడదన్న ఉద్దేశంతోనే చేసే ఆపరేషన్, అది భార్యకు చేసినా భర్తకు చేసినా, తగనిదని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, బోధిస్తున్నది. 1968 జూలై 25వ తేదీతో ఆరవ పౌలు పోపు గారు వెలువరించిన ‘హుమానే వీటే’ అనే విశ్వలేఖ (విశ్వాసులందరికీ పోపు వ్రాసే బోధనా లేఖ) తన 14వ పేరాలో ఈ మాటను శాశ్వతమైన శస్త్రచికిత్సకూ తాత్కాలికమైన పద్ధతులకూ ఒకేలా వర్తింపజేసింది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన తగని సాధనం తగినదైపోదని 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం అనే బోధనా గ్రంథం 2399వ అంకంలో మళ్ళీ చెప్పింది.

మీ ఉద్దేశంలో తప్పున్నదని ఎవరూ అనడం లేదని గమనించండి. డాక్టరమ్మ మాట కొట్టిపారేయదగినది కాదు. సిజేరియన్లు పెరిగేకొద్దీ మాయ పాత కుట్టు మీద లోతుగా అతుక్కుపోవడం, కుట్టు విడిపోవడం, విపరీతంగా రక్తం పోవడం వంటి ప్రమాదాలు పెరుగుతాయన్నది నిజమే. కాబట్టి ఇంకొక గర్భం వద్దనుకోవడానికి మీకు గట్టి కారణమే ఉన్నది. 1951 అక్టోబరు 29న పన్నెండవ పయస్ పోపు గారు ఇటలీ మంత్రసానులను ఉద్దేశించి మాట్లాడుతూ, వైద్యపరంగానో ఆర్థికంగానో సామాజికంగానో గట్టి కారణాలున్న దంపతులు గర్భం నిలిచే రోజులను చాలాకాలం పాటు, అవసరమైతే దాంపత్యకాలమంతా కూడా, విడిచిపెట్టి నడచుకోవచ్చునని చెప్పారు. మీ విషయంలో శ్రీసభ కాదంటున్నది ఎంచుకున్న సాధనాన్నే గాని, ఇక పిల్లలు వద్దన్న మీ నిర్ణయాన్ని కాదు.

గర్భాశయానికే వ్యాధి సోకి దానిని తీసివేయవలసి వచ్చినప్పుడు సంగతి వేరు. అది చికిత్స; సంతానం కలగకపోవడం దాని వెంట వచ్చే ఫలితమే గాని లక్ష్యం కాదు. గర్భాశయం ఇక ఏ బిడ్డనూ బ్రతికి బట్టకట్టే దశ వరకు మోయలేని స్థితికి తిరుగులేకుండా చేరిందని నిపుణులైన వైద్యులు తేల్చినప్పుడు దానిని తీసివేయడం తప్పు కాదని 2018లో రోము నుండి మరొక వివరణ కూడా వచ్చింది. రెండు సిజేరియన్లు అయినంత మాత్రాన మీ స్థితి అదని అనుకోవడానికి లేదు గనుక ఈ సంగతి డాక్టరమ్మనే అడిగి తెలుసుకోండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలతపెట్టినది నర్సమ్మ మాట కాదు, మీ ఆయన మాట. మన రాష్ట్రంలో పెళ్ళయి 15 నుండి 49 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఈ ఆపరేషన్ చేయించుకున్నవారేనని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. పురుషుల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. భర్తలు కూడా చేయించుకుంటే సరిపోతుందని నా భావం కాదు, శ్రీసభ దానినీ ఒప్పుకోదు. ఇద్దరు కలిసి మోయవలసిన బరువును ఒక్కరి కడుపు మీద పెట్టి, దానికి ‘నీ ఇష్టం’ అని మర్యాదైన పేరు పెట్టడం మన ఇళ్ళలో ఎంత మామూలైపోయిందో ఆ అంకె చెబుతున్నది. ఈ ఉత్తరమూ జవాబూ ఆయన చేత చదివించండి.

కాన్పు తేదీకి ముందే భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళి, ఆపరేషన్ వద్దని, కాపర్‌-టి కూడా వద్దని చెప్పి, కేసు కాగితం మీద వ్రాయించండి. కొన్నిచోట్ల మాయ పడిన వెంటనే కాపర్‌-టి అమర్చే అలవాటున్నది గనుక ఈ రెండవ మాట మరువకండి. ఆపరేషన్‌కు మీ సంతకం తప్పనిసరి. ఆ అంగీకార పత్రంలో ఏమున్నదో మీకు అర్థమయ్యే భాషలో వివరించాలని 2016లో కుటుంబ నియంత్రణ శిబిరాల మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నొప్పుల మధ్య చేతికిచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి. కాన్పు తరువాత మళ్ళీ గర్భం రావడానికి కనీసం 24 నెలల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తున్నది గనుక, బిడ్డకు పాలిస్తున్న రోజులలోనే సహజ పద్ధతి నేర్చుకోవాలి. దాని వివరాలు కావలి సోదరికి ఇచ్చిన జవాబులో చూడండి.

ప్రశ్న: సహజ పద్ధతి పాటించేవారికీ మాత్రలు వాడేవారికీ ఉద్దేశం ఒక్కటే కదా, పిల్లలు వద్దనుకోవడమే. ఒకటి పుణ్యం, మరొకటి పాపం ఎలా అవుతుంది? ఇది మాటల గారడీ కాదా? మా పక్కింటి బాప్టిస్టు సోదరులకు లేని చిక్కు మనకే ఎందుకు? (ఒంగోలు నుండి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: అయ్యా, మీ ప్రశ్న గట్టిది. దాని పదును తగ్గించకుండానే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

రెండవ భాగం ముందు చూద్దాము. 1930 వరకు ఈ చిక్కు క్రైస్తవులందరిదీ. ఆ ఏడు ఆంగ్లికన్ పీఠాధిపతులు లాంబెత్ సభలో కొన్ని పరిస్థితులలో కృత్రిమ గర్భనిరోధాన్ని అనుమతించారు; తక్కిన ప్రొటెస్టెంటు సంఘాలు క్రమంగా అదే దారి పట్టాయి. అదే ఏడు డిసెంబరు 31న పదకొండవ పయస్ పోపు గారు ‘కాస్తి కొన్నూబీ’ విశ్వలేఖతో పాత బోధననే నిలబెట్టారు. మాత్రలు వచ్చిన తరువాత ప్రశ్న మళ్ళీ లేచింది. ఇరవై మూడవ యోహాను పోపు గారు 1963లో ఒక సలహా సంఘాన్ని ఏర్పాటు చేయగా, ఆరవ పౌలు పోపు గారు దానిని విస్తరించారు. 1966లో ఆ సంఘంలోని అధిక సంఖ్యాకులు బోధన మార్చవచ్చునన్నారు. పోపు గారు ఆ సలహాను స్వీకరించలేదు. విశ్వలేఖ వెలువడిన నాడు కతోలికులలోనే ఎందరో దానితో విభేదించారు, నేటికీ విభేదించేవారున్నారు. ఈ చరిత్రను దాచిపెట్టి బోధించేవారిని చూస్తే నాకు చిరాకు. బోధన ఎంత తర్జనభర్జన తరువాత నిలబడిందో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

ఇక మొదటి భాగం. ఉద్దేశం ఒక్కటే కావచ్చునని ‘హుమానే వీటే’ 16వ పేరా తానే ఒప్పుకుంటుంది. తగిన కారణంతో బిడ్డ ఇప్పుడు వద్దని ఆ రెండు రకాల దంపతులూ నిశ్చయించుకున్నారు. తేడా ఆ తరువాత వారు చేసే పనిలో ఉన్నది. దాంపత్య కలయికకు దేవుడు రెండు అర్థాలు కలిపి పెట్టాడని 12వ పేరా చెబుతుంది. ఇద్దరినీ ఒకటి చేయడం ఒకటి, జీవానికి దారిగా ఉండడం మరొకటి. ఆ ముడిని మనిషి తన చేతులతో విప్పరాదన్నదే ఈ బోధనకు మూలం. అదనులో చేను బీడు వదిలిన రైతును ఎవరూ తప్పుపట్టరు. అతనికి నీళ్ళు చాలవో, పెట్టుబడి లేదో. ఒక చేత్తో విత్తనం చల్లుతూ అది మొలవకుండా రెండవ చేత్తో ఉప్పు చల్లేవాడి సంగతి అలా కాదు. ఇద్దరికీ ఆ ఏడు పంట వద్దు, నిజమే. కాని రెండవవాడు తాను చేస్తున్న పనినే తాను కాదంటున్నాడు. గర్భం నిలవని రోజులలో కలిసే దంపతులు ఆ కలయికకు ఏమీ చేయడం లేదు, దానిని ఉన్నదున్నట్టుగానే ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. గర్భం నిలిచే రోజులలో వారు చేసేదల్లా ఆగడమే. ఎప్పుడూ కలిసే తీరాలని ఏ దంపతులకూ ఆజ్ఞ లేదు. ప్రార్థన కోసం పరస్పర సమ్మతితో కొంతకాలం ఎడంగా ఉండవచ్చునని పౌలుగారు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ ఏడవ అధ్యాయంలోనే చెప్పారు.

కొందరు ‘థర్మామీటరు, పట్టిక, ఫోనులోని యాప్ మాత్రం కృత్రిమం కావా?’ అని అడుగుతారు. కృత్రిమమైనంత మాత్రాన శ్రీసభ దేనినీ తోసిపుచ్చదు. సిజేరియన్ కృత్రిమమే, సెలైన్ కృత్రిమమే, కళ్ళద్దాలు కూడా కృత్రిమమే. కలయికను బుద్ధిపూర్వకంగా వంధ్యం చేసేది ఏదైనా, యంత్రమైనా మందైనా, చివరకు ఏ వస్తువూ అక్కరలేని ఓనాను పద్ధతి (వీర్యాన్ని బయట విడవడం) అయినా, శ్రీసభ అభ్యంతరం ఒక్కటే.

ఒక మాట ఒప్పుకోవాలి. సహజ పద్ధతిని స్వార్థానికి కూడా వాడవచ్చు. కారు మార్చాలి, ఇల్లు మార్చాలి అనుకుంటూ ఏళ్ళ తరబడి పట్టిక వ్రాసుకునే దంపతులకు ఆ పట్టిక పుణ్యం తెచ్చిపెట్టదు. అందుకే శరీరస్థితో, మానసిక స్థితో, బయటి పరిస్థితులో కల్పించిన తగిన కారణం ఉండాలని అదే 16వ పేరా షరతు పెట్టింది.

17వ పేరా మన దేశంలో ఎక్కువగా చదవవలసినది. దంపతులకే చెందిన ఈ నిర్ణయంలోకి ప్రభుత్వాలు చొరబడి తమకు నచ్చిన పద్ధతిని బలవంతంగా రుద్దే ప్రమాదమున్నదని అందులో హెచ్చరిక ఉన్నది. అది వెలువడిన ఎనిమిదేళ్ళకు, అత్యవసర పరిస్థితి కాలంలో, లక్ష్యాలు పూర్తిచేయడం కోసం లక్షలాది పురుషులను శిబిరాలకు తరలించి ఆపరేషన్లు చేశారు. విశ్వలేఖను పాతకాలపు చాదస్తమని కొట్టివేసేవారు ఆ ఒక్క పేరానైనా ఆ సంవత్సరాల పక్కన పెట్టి చదవాలని నా మనవి.

ప్రశ్న: మా ఆయన లారీ డ్రైవరు. చెన్నై, విజయవాడ లోడ్ల మీద వెళ్ళి పది పదిహేను రోజులకు ఒకసారి ఇంటికి వస్తారు. బాబుకు నాలుగో నెల, నా పాలే. లెక్క చూసుకునే పద్ధతి మా అక్కకు తప్పిపోయి మూడోసారి గర్భం వచ్చింది. ఈ సహజ పద్ధతి నిజంగా పనిచేస్తుందా? మాలాంటి వారికి వీలవుతుందా? (కావలి ప్రాంతం నుండి ఒక సోదరి)

జవాబు: చెల్లెమ్మా, మీ అక్కగారు పాటించినది క్యాలెండరు లెక్క. జపాను వైద్యుడు ఒగినో, ఆస్ట్రియా వైద్యుడు క్నావుస్ 1920లలో కనిపెట్టిన విషయం మీద అది ఆధారపడింది. అండం విడుదలయ్యేది తరువాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు అన్నదే ఆ విషయం. అది సరైనదే, కాని గడచిన నెలల లెక్కతో రాబోయే నెలను ఊహించడంలోనే పొరపాటు జరుగుతుంది. జ్వరం వచ్చినా, దిగులు పడినా, కాన్పు తరువాతి నెలలలోనూ అండం విడుదల వెనక్కు జరుగుతుంది. ఇప్పుడు నేర్పే పద్ధతులు ఊహ మీద కాక ఆనాటికానాడు శరీరం చూపే గుర్తుల మీద నడుస్తాయి.

మీకు ప్రస్తుతం వర్తించేది తల్లిపాల పద్ధతి. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండడం, మీకు నెలసరి తిరిగి మొదలు కాకుండా ఉండడం, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప వేరేదేదీ పట్టకపోవడం అనే మూడూ కలిసి ఉన్నంతకాలం మళ్ళీ గర్భం వచ్చే అవకాశం నూటికి రెండు కన్నా తక్కువ. పాలకు పాలకు మధ్య పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు దాటకూడదు. ‘పాలు చాలడం లేదు’ అని అత్తగారో అమ్మగారో డబ్బాపాలు మొదలుపెట్టిన నాడు ఈ రక్షణ పోయినట్టే. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజు నుండే రెండవ పద్ధతికి మారాలి గనుక, బాబుకు ఆరో నెల వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టండి.

ఆ రెండవదే బిల్లింగ్స్ పద్ధతి. మెల్‌బోర్న్ నగరానికి చెందిన వైద్య దంపతులు జాన్ బిల్లింగ్స్, ఎవెలిన్ బిల్లింగ్స్ 1950లలో మొదలుపెట్టి దీనిని రూపొందించారు. నెలసరి ఆగిన తరువాత కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. అండం పక్వమయ్యే కొద్దీ గర్భాశయ ముఖద్వారం నుండి ఒక స్రావం మొదలవుతుంది. మొదట చిక్కగా, జిగటగా ఉండి, రానురాను పల్చబడి, తేటబడి, సాగే గుణంతో, తడిగా జారుడుగా అనిపిస్తుంది. ఆ జారుడుతనం తెలిసిన చివరి రోజును శిఖర దినం అంటారు. మరునాటికి అది పోయిందని తెలిసినప్పుడే నిన్నటి రోజు శిఖర దినమని రూఢి అవుతుంది. బిడ్డ వద్దనుకునే దంపతులు నెలసరి రోజులలోనూ, స్రావం మొదలైనది మొదలు శిఖర దినం తరువాత మూడు పూర్తి రోజులు గడిచేవరకూ కలయిక మానాలి. నాలుగవ రోజు నుండి తరువాతి నెలసరి వరకు, అంటే చాలామందికి పది రోజులకు పైగా, ఏ అడ్డూ లేదు. నెలసరి తరువాతి పొడి రోజులలో రాత్రిపూట మాత్రమే, అదీ రోజు విడిచి రోజు అన్నది నియమం. పురుష బీజం అనువైన స్రావంలో అయిదు రోజుల వరకు బ్రతికి ఉండగలదు, అండం ఒక్క రోజుకు మించి బ్రతకదు. ఈ నియమాలన్నీ ఆ రెండు సంగతుల నుండి వచ్చినవే.

దీనికి చదువు అక్కరలేదు, గమనింపు కావాలి. కందుకూరు వైపు ఒక పల్లెలో ఒక జంట పట్టికను నేను చూశాను. వంటింటి తలుపు వెనుక, పాల లెక్క వ్రాసుకునే క్యాలెండరు కిందనే వ్రేలాడదీశారు. భార్యకు వ్రాయడం రాదు. రాత్రి భోజనాల తరువాత ఆమె చెబుతుంటే భర్త కొడుకు బడిసంచిలోని రంగు పెన్సిళ్ళతో గడులు నింపుతున్నాడు. నెలసరికి ఎరుపు, పొడికి ఆకుపచ్చ, తడికి ఖాళీ గడిలో ఒక చుక్క. ఒక వారం గడులన్నీ ఖాళీగా ఉంటే అడిగాను. పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర కాపలాకు పోయి ఆ వారమంతా ఇంటికి రాలేదని, అందుకే గడులు నిండలేదని అన్నాడు. అప్పుడు ఆమె నవ్వి, మనసులో పెట్టుకున్నానులే అని ఏడు రోజులూ వరుసగా ఒప్పజెప్పింది.

పనిచేస్తుందా అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని అయిదు దేశాలలో పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించింది; అందులో మన బెంగళూరు కూడా ఒక కేంద్రం. నేర్పిన తరువాత మొదటి నెలలోనే నూటికి 93 మంది స్త్రీలు గుర్తులను పోల్చుకోగలిగారు. నియమాలు తు.చ. తప్పకుండా పాటించిన వారిలో ఏడాదికి నూటికి మువ్వురికి గర్భం వచ్చింది. అందరినీ కలిపి లెక్కిస్తే ఆ సంఖ్య ఇరవై దాటింది. మొదటి అంకెను మాత్రమే చెప్పి రెండవదానిని మింగేసేవారిని నమ్మకండి. ఆ తేడాలో ఎక్కువ భాగం, గర్భం నిలిచే రోజని తెలిసి కూడా ఆగలేకపోయిన జంటలది. స్రావంతో పాటు ప్రతి ఉదయం లేవకముందే ఒంటి వేడిని కొలిచే పద్ధతి ఇంకా గట్టిది. అండం విడుదల తరువాత వేడి 0.2 డిగ్రీల సెంటీగ్రేడుకు తక్కువ కాకుండా పెరిగి, అలాగే నిలుస్తుంది. ఈ రెండు గుర్తులనూ కలిపి పాటించిన 900 మంది స్త్రీలపై జర్మనీలో జరిగిన పరిశోధన 2007లో ప్రచురితమైంది. గర్భం నిలిచే రోజులలో పూర్తిగా ఆగిన వారిలో ఏడాదికి నూటికి 0.4, అందరినీ కలిపితే 1.8 గర్భాలు మాత్రమే వచ్చాయి. అయితే వారు బాగా నేర్చుకున్న తరువాత పాటించినవారు. పుస్తకం చూసి సొంతంగా మొదలుపెట్టేవారికి ఆ అంకె వర్తించదు.

ఇక మీ ఆయన రాకపోకలు. ఇంటికి వచ్చిన రెండు రోజులూ గర్భం నిలిచే రోజులే అయితే ఆగడం ఎంత కష్టమో, ఆ కష్టాన్ని సన్యాసినైన నేను తేలికగా మాట్లాడడం భావ్యం కాదు. ఇది కష్టమని విశ్వలేఖ కూడా దాచలేదు. కాని మీ నెలసరి తిరిగి మొదలై, కొన్ని నెలల పట్టిక చేతికి వచ్చాక, శిఖర దినం దాటగానే మీరు ఫోనులో ఒక్క మాట చెప్పగలరు. ఏ లోడు ముందు ఎత్తాలి, ఏది మరొక డ్రైవరుకు వదలాలి అన్నది యజమానితో మాట్లాడుకునే వీలు ఆయనకు ఉంటే, నెలలో ఒక రాకను ఆ పది రోజులలోకి జరుపుకోవడం అసాధ్యమేమీ కాదు. రెండవ రాకలో ఎడంగా పడుకోవలసి వస్తే, అది మీ ఒక్కరి కాపలా కాకూడదు, ఆయన మాట కూడా అయి ఉండాలి. అందుకే నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయనను వెంట తీసుకువెళ్ళండి. నేర్పగల మఠకన్యలు దగ్గరలో ఎక్కడున్నారో మీ విచారణ గురువులను అడగండి. అడగడానికి సిగ్గనిపిస్తే ఉపదేశిగారి భార్య ద్వారా అడిగించండి.

ప్రశ్న: నేను ఎంత చెప్పినా నా భర్త వినరు, నిరోధ్ వాడతారు. కాదంటే ఇంట్లో గొడవ. నేను పూజలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) స్వీకరించవచ్చునా? (దర్శి ప్రాంతం నుండి ఒక సోదరి)

జవాబు: స్వీకరించవచ్చునమ్మా. 1997లో కుటుంబ వ్యవహారాల పొంటిఫికల్ మండలి పాపసంకీర్తనం (పాపాలను గురువుకు చెప్పుకోవడం) వినే గురువుల కోసం వెలువరించిన మార్గదర్శకాలలో సరిగా ఇదే పరిస్థితి ఉన్నది. మీరు చేసేది స్వతహాగా తప్పు పని కాకుండా ఉండాలి, ఒప్పుకోవడానికి తగినంత గట్టి కారణం ఉండాలి, ఆ అలవాటు మాన్పించడానికి మీ వంతు ప్రయత్నం చేస్తూ ఉండాలి. కాపురం చెడకుండా చూసుకోవడం గట్టి కారణమే. ప్రయత్నం అంటే ప్రతిసారీ పడకగదిలో వాదన పెట్టుకోవడం కాదు. పగటిపూట, మనసు బాగున్నప్పుడు, ఓర్పుగా చెప్పడం. పిండానికి హాని చేసే సాధనమైతే ఇంతకన్నా జాగ్రత్తగా ఆలోచించాలని ఆ మార్గదర్శకాలే అంటున్నాయి. ఆయన చేయి చేసుకుంటున్నారా అన్నది మీరు వ్రాయలేదు. అదే జరుగుతుంటే ఇది గర్భనిరోధం ప్రశ్న కానే కాదు. ఆలస్యం చేయకుండా పుట్టింటివారికి తెలపండి, విచారణ గురువులకూ చెప్పండి.

ప్రశ్న: నాకిప్పుడు 53 ఏళ్ళు. మూడో కాన్పు తరువాత పాతికేళ్ళ వయసులో, అందరూ చేయించుకుంటున్నారని క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్నాను. పాపమని ఎవరూ చెప్పలేదు. ఈ మధ్య ధ్యానకూటంలో విన్న దగ్గర నుండి నిద్ర పట్టడం లేదు. దేవుడు నన్ను క్షమిస్తాడా? (మార్కాపురం ప్రాంతం నుండి ఒక తల్లి)

జవాబు: తల్లీ, హాయిగా నిద్రపోండి. ఒక పాపం చావైన పాపం (దేవుని నుండి మనిషిని వేరుచేసే ఘోర పాపం) కావాలంటే విషయం గురుతరమైనదై ఉండాలి, అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, తెలిసీ ఇష్టపూర్వకంగా చేసి ఉండాలి. సత్యోపదేశం 1857వ అంకం ఈ మూడింటినీ కలిపి అడుగుతుంది. పాతికేళ్ళ వయసులో, ఒడిలో పసిబిడ్డతో, చుట్టూ ఉన్నవారి మాట మీద, తప్పని తెలియకుండా చేసిన పనిని ఆ కొలతతో చూడండి. చెప్పవలసిన మేము చెప్పకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది. ఎందుకంటే ఆ ఏళ్ళలో మన ప్రసంగ పీఠాల మీద నుండి ఈ మాట వినబడడమే అరుదు.

మనసుకు నెమ్మది కావాలంటే ఒకసారి పాపసంకీర్తనంలో చెప్పుకోండి, ఒక్కసారి చాలు. క్షమింపబడిన దానిని ప్రతి తపస్సుకాలంలోనూ (ఈస్టరుకు ముందు నలభై రోజులలో) తవ్వి తీయకండి. ఆపరేషన్‌ను తిరగదోడే మరొక ఆపరేషన్ చేయించుకోవాలన్న విధి ఏదీ లేదు. ఆ తరువాత మీరు భర్తతో చేసిన కాపురం పాపమూ కాదు. మీకు కోడళ్ళుంటే వారికి ఈ విషయం చెప్పండి, భయపెట్టి కాదు, తెలియజేసి.

ప్రశ్న: మా అమ్మాయికి నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుందని డాక్టరు గర్భనిరోధక మాత్రలే వ్రాశారు. వాడవచ్చునా? (గూడూరు నుండి ఒక తండ్రి)

జవాబు: నిస్సంకోచంగా వాడవచ్చు. జబ్బును నయం చేయడానికి నిజంగా అవసరమైన మందు గర్భం రాకుండా చేసినప్పటికీ, ఆ ఫలితాన్ని కోరి వాడకపోతే అది తగినదేనని ‘హుమానే వీటే’ 15వ పేరా చెబుతున్నది. మాట వచ్చింది గనుక చెబుతున్నాను, వేళాంగణి యాత్ర దగ్గర పడగానే నెలసరి వాయిదా వేసే మాత్రల కోసం మందుల దుకాణానికి పరుగెత్తే అలవాటు మన ఆడపిల్లలలో ఉన్నది. ఆ రోజులలో గుడికి రాకూడదని శ్రీసభలో ఏ నియమమూ లేదు. ఆ మాత్రలు మాన్పించండి.

ప్రశ్న: నాకు జనవరిలో పెళ్ళి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికలలో నిలబడకూడదన్న ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నది. శ్రీసభ ఎందరిని కనమంటుంది? (చీమకుర్తి నుండి ఒక యువకుడు)

జవాబు: బాబూ, శ్రీసభ అంకె చెప్పదు. ఇద్దరికి మించితే స్థానిక సంస్థల ఎన్నికలకు అనర్హులనే నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది, 2024లో మన శాసనసభ దానిని తొలగించింది. రాష్ట్రంలో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1.7కు పడిపోవడమే ఇప్పటి ఈ కొత్త పిలుపునకు కారణం. ప్రభుత్వాల లెక్కలు ముప్పై ఏళ్ళకొకసారి తిరగబడవచ్చు. దంపతులు ఏ వైపు లెక్కకూ బద్ధులు కారు. ఎందరన్నది చివరకు దంపతులే దేవుని ఎదుట నిర్ణయించుకోవాలని, ఉన్న పిల్లల మేలునూ రాబోయేవారి మేలునూ, తమ ఆరోగ్యాన్నీ ఆర్థిక స్థితినీ చూసుకోవాలని 1965లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. తగిన కారణంతో తక్కువమందితో ఆగినవారినీ, ఉదారంగా ఎక్కువమందికి చోటిచ్చినవారినీ ‘హుమానే వీటే’ 10వ పేరా ఒకే బాధ్యతాయుత మాతృత్వ పితృత్వాల కింద చేర్చింది. మంచి కతోలికులంటే కుందేళ్ళలా కనాలనుకోవడం పొరపాటని ఫ్రాన్సిస్ పోపు గారు 2015 జనవరిలో మనీలా నుండి తిరిగి వెళుతూ విమానంలో విలేకరులతో అన్నారు.

ఈ సంభాషణ మీకూ మీ కాబోయే భార్యకూ పెళ్ళి తరువాత కాదు, ఇప్పుడే జరగాలి. బిడ్డ వెంటనే కావాలా, కొంత ఆగాలా, ఆమెకు చదువో ఉద్యోగమో మిగిలి ఉన్నదా, మీ క్వారీ పనిలో జీతం ఎలా వస్తుంది, ఇవన్నీ ఆమె నోట వినండి. వివాహ తరగతులలో సహజ పద్ధతి పాఠం వచ్చిన రోజు అబ్బాయిలు బయట టీ త్రాగడానికి పోవడం నేను చూస్తుంటాను, మీరు ఆ పని చేయకండి. గుర్తులు బాగా తెలియడానికి మూడు నెలల పట్టికైనా ఉండాలి గనుక, ఆమె అక్టోబరు నుండే వ్రాయడం మొదలుపెడితే పెళ్ళినాటికి మీ ఇద్దరికీ దానిని చదవడం వస్తుంది. పెళ్ళి ప్రయాణాలు, బంధువుల హడావిడి వల్ల ఆ నెలలో అండం విడుదల వెనక్కు జరగవచ్చు. అందుచేత మొదటి నెల మాత్రం పాత లెక్కను నమ్మకుండా, ఆ నెల గుర్తులనే చూసి నడచుకోండి.